పిల్లలకు వినపడని లెక్కలు

సంపాదకులు గారికి నమస్కారములు.

పాఠశాలల్లో ఆర్థిక అక్షరాస్యతను ఒక పాఠ్యాంశంగా చేర్చాలన్న చర్చ మీ పుటల్లో కొన్నాళ్లుగా నడుస్తోంది. అందులో పాల్గొన్న అధ్యాపకులు, బ్యాంకు అధికారులు చెప్పినవాటిలో నేను కాదనదగినది పెద్దగా లేదు. అయితే తపాలా శాఖలో 31 ఏళ్లు ఉద్యోగం చేసి, అందులో ఎక్కువ కాలం పొదుపు ఖాతాల కౌంటరు వెనక కూర్చున్న మనిషిగా నాకొక సంగతి గట్టిగా అనిపిస్తుంది. పిల్లలకు డబ్బు గురించిన మొదటి పాఠం ఇంట్లోనే మొదలవుతుంది. మనం కూర్చోబెట్టి చెప్పే నీతులకన్నా, వాళ్ల దగ్గర మనం దాచే లెక్కలూ, వాళ్లకిచ్చి తప్పే మాటలూ వాళ్ల మనసులో ఎక్కువగా నాటుకుంటాయి. ఉత్తరం కాస్త పొడవైతే మన్నించండి. కౌంటరులో ఉన్నన్నాళ్లూ ఎదుటివారి కుటుంబ వ్యవహారంలో నోరు విప్పే అధికారం నాకు లేదు కాబట్టి, అప్పటి మాటలు చాలా లోపలే ఉండిపోయాయి.

పదేళ్లు నిండిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరు మీదే పొదుపు ఖాతా తెరిచి, తామే సంతకం చేసి నడుపుకునే సదుపాయం ఎప్పటినుంచో ఉంది. బ్యాంకుల విషయంలో కూడా రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వులో, పదేళ్లకు తగ్గని మైనర్లు తాము కోరుకుంటే పొదుపు ఖాతా, టర్మ్ డిపాజిట్ ఖాతా స్వయంగా నడుపుకోవచ్చనీ, ఎంత మొత్తం వరకన్నది ఆయా బ్యాంకులు నిర్ణయించుకోవచ్చనీ తెలిపింది. కాగితం మీద పిల్లవాడి డబ్బుకు పిల్లవాడే యజమాని అన్నమాట. ఇంట్లో ఆ మాటకు ఎంత విలువ ఉంటుందో నేను ఒకసారి కళ్లారా చూశాను.

నెల్లూరు జిల్లాలో ఒక చిన్న సబ్ పోస్టాఫీసులో పనిచేస్తున్న రోజుల్లో, పదకొండు పన్నెండేళ్ల పిల్లవాడొకడు సంక్రాంతి వెళ్లిన వారం వచ్చేవాడు. చుట్టాలు చేతిలో పెట్టిన పది, ఇరవై రూపాయల నోట్లను చొక్కా జేబులోంచి తీసి, అరచేత్తో మడతలు సాపు చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఇచ్చేవాడు. పాస్‌బుక్కులో ముద్ర పడిందాకా కౌంటరు వదిలేవాడు కాదు. ఒకరోజు వాళ్ల నాన్న వాడిని వెంటబెట్టుకుని వచ్చాడు. డబ్బు తీసుకోవాలంటే ఎస్‌బీ-7 ఫారం మీద ఖాతాదారే సంతకం చేయాలి, అది మా దగ్గరున్న నమూనా సంతకంతో సరిపోవాలి. వాడు మొదటి ఫారం మీద ఇంటిపేరు వదిలేశాడు. రెండోదాని మీద ఇంటిపేరు చివరకు తెచ్చాడు. మూడోదాని మీద పేరు మొత్తం గుండ్రటి అక్షరాల్లో, చూచిరాత రాసినట్టు రాశాడు. నేను నమూనా కార్డు చూసి 'కలవలేదు' అన్నప్పుడల్లా వాడి కళ్లు ఒక్క క్షణం నా మీద నిలిచి కిందికి వాలిపోయేవి. నెల క్రితం వరకు తప్పు లేకుండా సంతకం చేసినవాడు ఇలా ఎందుకు చేస్తున్నాడో నాకు మూడో ఫారం దగ్గర అర్థమైంది. తండ్రికి అంతకుముందే అర్థమైనట్టుంది, వాడి మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నాలుగో సంతకం కార్డుతో కలిసింది. ఖాతాలో ఉంచక తప్పని కనీస మొత్తం మినహా మిగిలినదంతా నేనే లెక్కపెట్టి ఇచ్చాను. నిబంధన ప్రకారం పిల్లవాడి చేతికే ఇచ్చాను; అది ఆ చేతిలో ఎంతసేపు ఉందో చెప్పనక్కర్లేదు.

ఆ తండ్రి చెడ్డవాడని నేను అనను. ఇంట్లో ఏ అవసరం వచ్చిందో, ఏ అప్పులవాడు గుమ్మంలో కూర్చున్నాడో నాకు తెలియదు. ఆ పిల్లవాడు మాత్రం నేను బదిలీ అయ్యేదాకా మళ్లీ డబ్బు వేయడానికి రాలేదు. మూడేళ్లపాటు కదలిక లేని ఖాతాను మా శాఖలో 'సైలెంట్' ఖాతా అనేవాళ్లం. ఆ మాట రిజిస్టరులో రాసినప్పుడల్లా నాకు వాడి మూడో సంతకం గుర్తొచ్చేది.

ఇంకొకరి సంగతి చెప్పి నా సంగతి దాచుకోవడం న్యాయం కాదు. మా అమ్మాయికి చిన్నప్పుడు భోగిపళ్ల పేరంటంలో రేగుపళ్లతో కలిపి తల మీద పోసిన చిల్లర నాణేల దగ్గర్నుంచి, పుట్టినరోజులకు తాతలూ మేనమామలూ ఇచ్చిన నోట్ల దాకా ఒక మట్టి ముంతలో వేయించేదాన్ని. తను ఐదో తరగతిలో ఉండగా ఒక నెలాఖరున మా వారి జీతం ఆలస్యమై, గ్యాస్ బండకూ, ఇంటద్దెకూ కలిపి తడుముకోవాల్సి వచ్చింది. అమ్మాయి బడికి వెళ్లిన వేళ ముంత పగలగొట్టాను. 640 రూపాయలు ఉన్నాయి. సాయంత్రం వచ్చి ముంత ఏదని అడిగితే, 'నీ దగ్గరుంటే పోతాయి, నేను భద్రంగా దాచాను' అన్నాను. జీతం వచ్చింది, ఆ తర్వాత ఎన్నో జీతాలు వచ్చాయి. ఆ 640 రూపాయలు తిరిగి ఇవ్వాలన్న ఆలోచన నాకు రాలేదు. పిల్ల కూడా మళ్లీ అడగలేదు కాబట్టి మరచిపోయిందనుకున్నాను.

మొన్నటి సంక్రాంతికి మా మనవడికి వచ్చిన డబ్బులు చూసి, 'ఇలా ఇవ్వు నాన్నా, నేను దాచిపెడతాను' అన్నాను. వంటింట్లోంచి మా అమ్మాయి నవ్వుతూ, 'ఇవ్వకురా, అమ్మమ్మ దగ్గర దాచినవి మళ్లీ కనపడవు' అంది. పాతికేళ్లు దాటిన సంగతి. ఊరందరి పొదుపూ పైసాతో సహా లెక్క చెప్పిన నేను, నా కడుపున పుట్టిన ఖాతాదారుకు మాత్రం ఇప్పటిదాకా బాకీ పడి ఉన్నాను. తను కోపంగా అనలేదు, అందుకే ఆ మాట మరింత గట్టిగా తగిలింది.

పిల్లల డబ్బు తల్లిదండ్రుల డబ్బే కదా, వాళ్ల తిండీ బట్టా చూసేది మనమే కదా అని వాదించేవారు ఉంటారు. అవసరానికి ఇంట్లో ఉన్న డబ్బు ఎవరిదైనా వాడుకోక తప్పదు, దాన్ని నేను తప్పు పట్టను. మన భాషలో దానికి చేబదులు అనే చక్కని మాట ఉంది. పక్కింటావిడ దగ్గర వంద రూపాయలు చేబదులు తీసుకుంటే ఎప్పుడిస్తామో చెప్తాం, చెప్పిన రోజుకు ఇవ్వలేకపోతే మొహం చాటేస్తాం. కన్నబిడ్డ దగ్గర తీసుకున్నప్పుడు ఆ సిగ్గు మనకు ఎందుకుండదు? అడిగి, చెప్పి, రాసి తీసుకుంటే అప్పు ఇవ్వడం, నమ్మడం, వసూలు చేసుకోవడం అన్నీ ఆ బిడ్డకు ఒక్కసారే తెలుస్తాయి. చెప్పకుండా తీసుకుంటే తెలిసేది ఒక్కటే: దాచుకుంటే ఎవరో తీసుకుంటారు కాబట్టి, చేతికి వచ్చిన రోజే ఖర్చు పెట్టేయాలని. కుర్రకారు జీతం పడిన పదో రోజుకే చేతులు ఖాళీ చేసుకుంటున్నారని వాపోయే పెద్దలు, వాళ్ల చిన్ననాటి ముంతల సంగతి ఒకసారి గుర్తు చేసుకుంటే బాగుంటుంది.

ఇక దాచిపెట్టే లెక్కల గురించి. మన ఇళ్లలో అప్పు మాట వచ్చేసరికి పిల్లల్ని 'మీరు పోయి ఆడుకోండి' అని బయటికి పంపేస్తాం. వాళ్లు వెళ్లినట్టే వెళ్లి తలుపు వెనక నిలబడి సగం వింటారు. బడిలో పిల్లలు బారువడ్డీ లెక్కలు చేస్తారు, అక్కడ వడ్డీరేటు ఏడాదికి ఇంత శాతమని ఉంటుంది. ఇంట్లోనేమో 'నూటికి రెండు రూపాయలకు తెచ్చాం' అన్న మాట వినపడుతుంది. ఆ రెండు రూపాయలు నెలకని, అంటే ఏడాదికి 24 శాతమని, ఆ రెండు లెక్కలనూ కలిపి చూపించేవారు ఎవరూ లేరు. మా మనవడు ఆరో తరగతి. 50,000 రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వెయ్యి, ఏడాదికి 12,000, మూడేళ్లు అలాగే వదిలేస్తే వడ్డీయే 36,000 అని నేను కాగితం మీద వేసి చూపిస్తే, వాడు ముందు నమ్మలేదు. 'రెండు రూపాయలే కదా అమ్మమ్మా' అన్నాడు. ఆ మాటే పెద్దవాళ్ల నోట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చుట్టుపక్కల ఊళ్లలో మూడు రూపాయలకు, ఐదు రూపాయలకు తెచ్చేవాళ్లు కూడా 'రూపాయలే కదా' అనుకునే తెస్తారు.

ప్రామిసరీ నోటు సంగతీ అంతే. రెవెన్యూ స్టాంపు ఎందుకు అంటిస్తారు, దాని మీదుగా సంతకం ఎందుకు పెడతారు, మూడేళ్లకు నోటుకు కాలదోషం పడుతుంది కాబట్టి అప్పిచ్చినవాడు గడువులోపు వచ్చి ఎంతో కొంత తీసుకుని నోటు వెనక చెల్లు ఎందుకు రాయించుకుంటాడు, బాకీ పూర్తిగా తీరాక నోటు వెనక్కి తీసుకుని చింపేయడం ఎందుకు ముఖ్యం అన్న విషయాలు మన జిల్లాల్లో ప్రతి రెండో ఇంటికీ అవసరమయ్యేవే. ఇవి తెలియని ఇంజనీరింగ్ పట్టభద్రులను నేను చూశాను. స్నేహితుడు అడిగాడని సాక్షి సంతకానికి, హామీ సంతకానికి తేడా తెలియకుండా పెట్టేసి, తర్వాత చిక్కుల్లో పడినవారినీ చూశాను. తండ్రి ఒక్కసారి తన నోటు బల్ల మీద పరిచి, 'ఇదిగో, ఇది మనం ఇవ్వాల్సిన బాకీ, ఇది చెల్లు' అని చూపించి ఉంటే అరగంట పని.

ఈ మధ్య వచ్చిన ఇంకో మార్పు ఈ చాటును మరింత పెంచింది. 2016లో యూపీఐ వచ్చాక నోట్లూ చిల్లరా ఇంట్లోంచి మెల్లగా మాయమయ్యాయి. సౌకర్యమే, నేనూ వాడుతున్నాను. దాన్ని తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కానీ మా రోజుల్లో ఒకటో తారీకున నాన్న జీతం కవరు తెచ్చి దేవుడి పటం ముందు పెట్టేవారు. అమ్మ అద్దెకింత, పాలకింత, పచారీ కొట్టుకింత అని విడదీసి బియ్యం డబ్బాలో, పోపుల పెట్టెలో సర్దేది. ఎవరూ పాఠం చెప్పకుండానే డబ్బు వచ్చినప్పుడు ఎంత లావుగా ఉంటుందో, ఇరవయ్యో తారీకుకు ఎంత పలచబడుతుందో మా కళ్లకు కనపడేది. ఇప్పుడు పిల్లల కళ్ల ముందు జరిగేది ఒక్కటే, ఫోను ఎత్తి స్కానర్ ముందు పట్టడం. అంకె పైకి పలికేది అంగడిలో ఉన్న ఆ చిన్న డబ్బా ఒక్కటే, అది కూడా అంగడివాడి కోసం.

ఒకరోజు మా మనవణ్ణి వాళ్లమ్మ ఫోనిచ్చి పాల ప్యాకెట్లకూ, కొత్తిమీరకూ, ఒక పెన్నుకూ పంపాను. వచ్చాక ఎంతయిందని అడిగితే, 'స్కాన్ చేశానుగా' అన్నాడు. ఎంత అని మళ్లీ అడిగితే, ఫోను తీసి చూడబోయాడు. (వాళ్లమ్మ పిన్ను వాడికి తెలుసు. ఆ సంగతి వాళ్లమ్మకు తెలియదని ఆ రోజే నాకు తెలిసింది.) మరునాడు 200 రూపాయల నోటిచ్చి పంపాను. చిల్లర జేబులో కుక్కుకుని, రెండు చాక్లెట్లు చేత్తో పట్టుకుని వచ్చాడు. చాక్లెట్లు ఎందుకంటే, మూడు రూపాయల చిల్లర లేదని ఇచ్చాడట. చాక్లెట్లు వెనక్కిచ్చి మూడు రూపాయలు అడిగి రమ్మన్నాను. పోనని మొండికేశాడు, సిగ్గన్నాడు, 'మూడు రూపాయలకా' అన్నాడు. చివరికి వెళ్లాడు. అంగడాయన మంచివాడు, నవ్వి, గోడకున్న క్యాలెండరు అంచు మీద మావాడి పేరు రాసి పక్కన 3 అని వేశాడట. మూడు రోజులపాటు ఆ అంగడి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా మావాడు ఆ క్యాలెండరు చూసి వచ్చేవాడు. నాలుగో రోజు మూడు రూపాయలు వచ్చాయి. అంగడాయన ఆ అంకె మీద అడ్డంగా గీత కొట్టేశాడని వాడు నాకు గీసి మరీ చూపించాడు. బాకీ రాయడం, బాకీ కొట్టేయడం అన్న రెండు పనులనూ వాడు మొదటిసారి చూసింది అక్కడే.

ఇంత రాశాక, ఈ విషయంలో మా ఇంటికన్నా మేలైన బడి నడుస్తున్న ఒక ఇంటి గురించి చెప్పకపోతే తప్పవుతుంది. మా ఇంట్లో పనికి సాయం వచ్చే ఆవిడకు ఎనిమిదో తరగతి చదివే కూతురు ఉంది, ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చదువుతోంది. ఆవిడ డ్వాక్రా సంఘంలో సభ్యురాలు. సంఘంలో చదువు వచ్చినవాళ్లు తక్కువ కావడంతో, సమావేశం జరిగినప్పుడు తీర్మానాల పుస్తకం రాసేది ఈ పిల్లే. ఎవరు ఎంత పొదుపు కట్టారు, ఎవరికి ఎంత అప్పిచ్చారు, దేనికోసం ఇచ్చారు, కిస్తీ ఎవరు ఎగ్గొట్టారు, దానికి ఏ కారణం చెప్పారు అన్నవన్నీ పద్నాలుగేళ్ల పిల్ల చేతిరాతతో ఉంటాయి. పదిమంది ఆడవాళ్లు కింద వేలిముద్రలో, సంతకాలో పెడతారు. ఒకరు కట్టకపోతే మిగతా తొమ్మిదిమందికీ బ్యాంకులో మాట పోతుందని ఆ పిల్లకు ఎవరూ నిర్వచనం చెప్పి నేర్పలేదు. చాప మీద కూర్చుని రాస్తూ రాస్తూ తెలుసుకుంది.

2025 జూన్‌లో మా రాష్ట్రంలో, బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు తల్లుల ఖాతాల్లో పడ్డాయి. ఒక్కో విద్యార్థికి 15,000 రూపాయలు, అందులో బడి నిర్వహణకు 2,000 పోను తల్లి చేతికి వచ్చేది 13,000. అంతకుముందు అమ్మ ఒడి పేరుతో వచ్చినప్పటినుంచీ పిల్లలు ఆ డబ్బును 'నా డబ్బులు' అనుకోవడం మామూలే. చాలా ఇళ్లలో ఆ డబ్బు ఏమైందో పిల్లలకు తెలియదు. ఆవిడ మాత్రం ఆ సాయంత్రం కూతురి చేత పాత నోటుపుస్తకం వెనక అట్ట మీద రాయించింది: ట్యూషనుకు 3,000, చెప్పులకూ సంచికీ 1,600, కరెంటు బకాయి 1,150, సంఘం అప్పు కిస్తీకి 4,000, మిగిలిన 3,250 ఖాతాలోనే ఉండాలి. కిస్తీ దగ్గర పిల్ల అలిగిందట, చదువు కోసం నా పేరున వచ్చిన డబ్బు అప్పుకు ఎందుకు కట్టాలని. తల్లి కోప్పడలేదు. 'ఆ అప్పు దేనికి తెచ్చామో తీర్మానం నువ్వే రాశావు, తీసి చదువు' అంది. పరంజా మీద నుంచి పడ్డ భర్త ఆసుపత్రి ఖర్చుకు తెచ్చిన అప్పది. పిల్ల పుస్తకం తెరవలేదు, పెన్ను తీసుకుని 4,000 అని రాసింది. ఈ సంగతి ఆవిడ మా పెరట్లో అంట్లు తోముతూ, అందులో చెప్పుకోదగ్గ విశేషమేదీ లేనట్టు చెప్పింది.

ఇది మా జిల్లాకు కొత్త విద్యేమీ కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించి, ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకిన తర్వాత, సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు నెల్లూరు జిల్లాలో ఊరూరా వెలిశాయి. వయోజన విద్య కింద అక్షరాలు దిద్దుకున్న తరగతిలోనే ఇంటి డబ్బు ఎటు పోతోందో ఆ తల్లులు లెక్క కట్టుకున్నారు. వాళ్ల పిల్లలు ఇప్పుడు నడివయసుకు వచ్చారు. ఉద్యోగాలు చేసుకుంటూ, ఇళ్లు కట్టుకుని, పిల్లలకు అడిగినవన్నీ కొనిపెడుతున్న ఈ తరం, తన తల్లి పదిమందిలో పైకి చెప్పిన లెక్కను తన నాలుగు గోడల మధ్య పిల్లలకు చెప్పడానికి జంకుతోంది. ఇదెక్కడి చోద్యమో నాకు అర్థం కాదు.

ఆడపిల్లల విషయంలో ఈ దాపరికం ఇంకొక మెట్టు ఎక్కువ. సుకన్య సమృద్ధి పథకం 2015 జనవరిలో మొదలైనప్పుడు మా కౌంటరు ముందు పెద్ద వరుసలే ఉండేవి. పదేళ్లలోపు ఆడపిల్ల పేరు మీద తెరిచే ఖాతా. ఇప్పుడైతే ఏడాదికి కనీసం 250 రూపాయలు, గరిష్ఠంగా లక్షన్నర. 15 ఏళ్లు కట్టాలి, ఖాతా తెరిచిన 21 ఏళ్లకు ముగుస్తుంది, పిల్లకు పద్దెనిమిదేళ్లు నిండినా పదో తరగతి పాసైనా పైచదువుకు సగం వరకు తీసుకోవచ్చు. మంచి పథకం, ఎంతోమందికి నేనే నచ్చజెప్పి చేర్పించాను. అయితే అప్పట్లో తండ్రి చంకనెక్కి వచ్చిన పిల్లలు ఇప్పుడు పది, ఇంటర్ చదువుతున్నారు. వాళ్లలో నాకు ఎదురుపడిన ఇద్దరు ముగ్గురిని మాటవరసకు అడిగితే, తమ పేరున అలాంటి ఖాతా ఒకటి ఉందనే తెలియదన్నారు. పాస్‌బుక్కు బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది, పెళ్లి మాట వచ్చినప్పుడు బయటికి వస్తుంది. కట్టిన ప్రతి ఏడాదీ ఆ పిల్లను వెంట తీసుకొచ్చి, ఫారం తనచేతే నింపించి, వడ్డీ పడిన అంకె చూపిస్తే పథకానికి పైసా ఖర్చు ఎక్కువ కాదు.

ఇలా పెరిగిన పిల్లలే రేపటి ఇల్లాళ్లు. భర్త పోయిన పదో రోజో, పదిహేనో రోజో మరణ ధ్రువపత్రంతో కౌంటరుకు వచ్చి, ఆయనకు ఎన్ని ఖాతాలున్నాయో, నామినీగా ఎవరి పేరుందో, బీమా ఉందో లేదో తెలియక, చేతిలో దొరికిన కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో వేసుకుని తెచ్చి నా ముందు కుమ్మరించిన ఆడవాళ్లను ఎందరినో చూశాను. వాళ్లలో చదువుకున్నవారు, ఉద్యోగస్తులు కూడా ఉన్నారు. 'ఆయనే చూసుకునేవారమ్మా' అన్న మాట నేను ఎన్నిసార్లు విన్నానో.

పిల్లలకు అప్పుల గురించి చెప్తే బెంగ పెట్టుకుంటారు, చదువు మీద ధ్యాస పోతుంది అని మా అల్లుడు గారు అంటారు. ఆయన మాటను నేను తీసిపారేయను. చెప్పే తీరు అనేది ఒకటి ఉంది. నిజానికి చాలామంది తల్లిదండ్రులు పిల్లలకు లెక్క చెప్తూనే ఉన్నారు, కాకపోతే కోపంలో చెప్తున్నారు. మార్కులు తగ్గిన రోజు 'నీ ఫీజు కోసం ఎంత అప్పు చేశానో తెలుసా' అంటారు. ఆ అంకె ముందే, మామూలు రోజున, భోజనాల దగ్గర చెప్పి ఉంటే అది ఇంటి లెక్కగా ఉండేది. మార్కుల జాబితా చేతిలో పట్టుకుని చెప్పినప్పుడు అది నేరారోపణ అవుతుంది. కార్పొరేటు కాలేజీ వసతిగృహాల్లో ఉన్న పిల్లలు తమను తాము ఇంటికి పట్టిన అప్పుగా ఊహించుకుని కుంగిపోవడానికి ఇలాంటి మాటలు కొంతైనా కారణం కాదని ఎవరైనా అనగలరా? ఇంకోవైపు, ఇంట్లో ఏమీ తెలియనివ్వకుండా పెంచిన పిల్లవాణ్ణి ఫీజు బాకీ ఉందని బడిలో లేపి నిలబెడతారు. తన ఇంటి పరిస్థితి వాడికి అందరి ముందు, టీచరు నోట తెలుస్తుంది. బెంగ పెట్టుకోకూడదని దాచిన మాట అలా తెలియడం కన్నా పెద్ద బెంగ ఏముంటుంది?

జీతమెంతో, ఆస్తులెన్నో ఆరేళ్ల పిల్లకు చెప్పమని నేను అనడం లేదు. పదేళ్లు దాటిన పిల్లకు నెలకోసారి కరెంటు బిల్లు, పాల లెక్క, తన ఫీజు, ఇంటి అప్పు కిస్తీ, ఈ నాలుగు చాలు. మంచి మార్కులు తెస్తే ఇంత, గిన్నెలు కడిగితే ఇంత అని రేటు కట్టే పద్ధతి ఈ మధ్య కొన్ని ఇళ్లలో చూస్తున్నాను. అది నాకు నచ్చదు, తిన్న కంచం తీయడానికి కూలి అడిగే రోజు ఎంతో దూరంలో ఉండదు.

మా ఇంట్లో ఇప్పుడు ఒక రూళ్ల పుస్తకం ఉంది. మొదటి పేజీలో మా అమ్మాయికి నేను బాకీ ఉన్న 640 రూపాయలు నా చేత్తోనే రాశాను. వడ్డీ ఏ లెక్కన కట్టాలో తేలక అమ్మాయీ, మనవడూ ఇంకా బేరమాడుతున్నారు. రెండో పేజీ మనవడిది. పోయిన వారం ఆటోకు చిల్లర లేక వాడి డబ్బుల్లోంచి వంద రూపాయలు చేబదులు తీసుకుని, శుక్రవారం ఇస్తానని రాసి సంతకం పెట్టాను. నాకు గుర్తులేదు. శనివారం పొద్దున్నే, ఇంటినిండా చుట్టాలున్న వేళ, వాడు ఆ పుస్తకం పట్టుకుని వచ్చి, 'అమ్మమ్మా, నిన్న శుక్రవారం' అన్నాడు. 'పెద్దవాళ్లను అలా అడుగుతారట్రా' అని మా అమ్మాయి కేకలేసింది. వాణ్ణి ఏమీ అనవద్దని చెప్పి, లోపలికి వెళ్లి, బీరువాలోంచి వంద రూపాయలు తెచ్చి వాడి చేతిలో పెట్టాను. వాడు నోటును వెలుగుకు పట్టి చూసుకుని, నా సంతకం కింద 'చెల్లు' అని రాశాడు.

ఇట్లు
విశ్రాంత తపాలా ఉద్యోగిని,
కావలి, నెల్లూరు జిల్లా.